మూడున్నర సెంటీమీటర్ల దగ్గర కనిపించిన గీత

ఆమె నా టేబుల్ మీద పెట్టింది బట్టల షాపు వాళ్లిచ్చే గుడ్డ సంచి. అందులో తొమ్మిది రోజుల జుట్టు ఉంది. దువ్వెనలో మిగిలింది, బాత్రూం జాలీలో చిక్కుకున్నది, దిండు మీద ఏరినది, అంతా ఉండలు చుట్టి తెచ్చింది. పక్కనే వాళ్లమ్మ. కుర్చీలో కూర్చోకముందే పెద్దావిడ మొదలుపెట్టింది.

"ఏందో మేడం, దువ్వెన పెడితే చాలు పుటుక్కు పుటుక్కుమని తెగిపోతా ఉండాయి. నా బిడ్డ జడ చూసి కళ్లు పెట్టని మనిషి లేడు మా ఊళ్లో. దిష్టి కూడా తీపిచ్చినా."

నెల్లూరులో చర్మవైద్యం చేస్తూ పదహారేళ్లయింది. జుట్టు కోసం వచ్చేవాళ్లు దాదాపు అందరూ "రాలిపోతోంది" అనే అంటారు. ఈ తల్లి "తెగిపోతా ఉండాయి" అంది. సరైన మాట మొదటి నిమిషంలోనే ఆమె నోట వచ్చింది. నేను దాన్ని పట్టించుకోలేదు. అది నా బుర్రకెక్కేసరికి ఆరు వారాలు పోయాయి. ఈ కేసు రాయాలనుకున్నది అందుకే. పేషెంటు ఒప్పుకున్నాకే రాస్తున్నాను, ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఇక్కడ ఆమెను టీచరమ్మ అంటాను.

టీచరమ్మకు 34 ఏళ్లు. బుచ్చిరెడ్డిపాళెం వైపు ఒక పల్లెలో ప్రైమరీ స్కూల్లో పని. ఇద్దరు పిల్లలు. నడినెత్తి నుంచి కొసదాకా టేపు పెట్టి కొలిస్తే జడ 96 సెంటీమీటర్లు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే ఆ కొస వయసు ఎనిమిదేళ్లు. అది తలలోంచి బయటికొచ్చిన రోజుకు ఆమె పెద్దకొడుకు ఇంకా పుట్టలేదు. పొడవు జుట్టును చూసేటప్పుడు ఈ లెక్క ఎప్పుడూ మనసులో ఉండాలి. ఆ ఎనిమిదేళ్లలో పోసిన నీళ్లు, రాసిన రంగులు, లాగిన దువ్వెనలు, కట్టిన రబ్బరుబ్యాండ్లు అన్నీ కొస ఒక్కటే భరించింది. కుదుళ్ల దగ్గరున్న వెంట్రుకకు వాటిలో ఏదీ తెలియదు.

మొదటిసారి వచ్చింది దసరా సెలవుల్లో. జులై చివర్లో జ్వరం వచ్చి ప్లేట్‌లెట్లు అరవై వేలకు పడిపోయాయనీ, ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాననీ చెప్పింది. నేను ఓ అరవై వెంట్రుకల పాయను వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగాను. ఎనిమిది ఊడి చేతికొచ్చాయి. ప్రతిదాని మొదట్లో ఆవగింజలో సగమంత తెల్లటి గడ్డ. గట్టి జ్వరం వస్తే, కాన్పయితే, పెద్ద ఆపరేషన్ జరిగితే పెరుగుతున్న వెంట్రుకలు చాలా వాటికి ఒక్కసారిగా విశ్రాంతి దశ మొదలవుతుంది. అవి రెండు మూడు నెలల తర్వాత ఊడతాయి. దీన్నే టెలోజన్ ఎఫ్లూవియం అంటాం. జులై చివర జ్వరం, అక్టోబరులో జుట్టు. లెక్క అతికినట్టు సరిపోయింది.

రక్తపరీక్షలో ఫెరిటిన్ 11 వచ్చింది. శరీరంలో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష ఇది, 11 అంటే అడుగంటినట్టే. దాంతో నా అనుమానం తీరిపోయింది. ఇనుము మాత్రలు రాశాను. మూడు నెలల్లో సర్దుకుంటుందని తల్లీకూతుళ్లకు ధైర్యం చెప్పి పంపాను.

చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. ఫెరిటిన్ విషయంలో నేను మర్చిపోకూడనిది ఒకటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి చోట ఏ జబ్బుతో వచ్చిన ఆడమనిషికి పరీక్ష చేసినా ఇనుము తక్కువనే తేలుతుంది. తేలినంత మాత్రాన వచ్చిన కష్టానికి కారణం అదే అయిపోదు. తక్కువుంటే ఎలాగూ ఇవ్వాల్సిందే. కానీ ఒక కారణం చేతికి దొరికితే రెండోదాన్ని వెతకడం మానేస్తాం. నేను చేసిన తప్పు అదే. నా వేళ్లలోకి వచ్చిన ఎనిమిది వెంట్రుకలను చూశాను గానీ, ఆమె మోసుకొచ్చిన సంచి మూతి కూడా విప్పలేదు.

ఆ రోజు ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాను. ఊళ్లో ల్యాబులో చేయించిన థైరాయిడ్ రిపోర్టు ఆమె దగ్గరుంది, అందులో థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను టీఎస్‌హెచ్ 0.21. అంత తక్కువుంటే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నట్టేనని అక్కడెవరో చెప్పారట. చేతులు వణకడం లేదు, గుండెదడ లేదు, బరువూ తగ్గలేదు. ఏమైనా మాత్రలు వాడుతున్నారా అంటే మెడికల్ షాపులో ఇచ్చిన "జుట్టు మాత్ర" పేరు చెప్పింది. రోజుకు 10 మిల్లీగ్రాముల బయోటిన్, ఒక రకం బీ విటమిన్. థైరాయిడ్ పరీక్షల్లో చాలా రకాలు బయోటిన్ ఆధారంగానే పనిచేస్తాయి. రక్తంలో అది ఎక్కువుంటే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ఈ సంగతి మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరిక ఇచ్చింది. వారం రోజులు మాత్ర ఆపించి మళ్లీ చేయిస్తే 2.4 వచ్చింది. థైరాయిడ్‌కు ఏమీ లేదు. జుట్టు మాత్ర వేసుకునేవాళ్లు రక్తపరీక్షకు వెళ్లేముందు ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. లేని జబ్బుకు మందు మొదలుపెట్టే ప్రమాదం ఉంది.

నవంబరు చివర్లో మళ్లీ వచ్చింది. ఆ రోజు పొద్దుట్నుంచీ వాన. హాఫ్ డే లీవు పెట్టి, బస్సు దిగి తడుస్తూ వచ్చింది. ఈసారి ఒక్కతే.

"రాలడం తగ్గింది మేడం. కానీ జడ చూడండి."

భుజాల దాకా జడ లావుగానే ఉంది. అక్కణ్ణుంచి కిందికి సన్నబడుతూ పోయి చివరికి ఎలుక తోకంత మిగిలింది. జడ పొడవునా పొట్టి ముక్కలు ముళ్లలా పొడుచుకొచ్చాయి. ఆమె మళ్లీ సంచి తెచ్చింది. ఈసారి విప్పాను. మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టుకు కొన్న నల్ల చార్టు ఒకటి క్లినిక్‌లోనే ఉంటే టేబుల్ మీద పరిచి, సంచిలోంచి చేతికొచ్చినవి వంద వెంట్రుకలు ఒక్కొక్కటిగా విడదీసి పెట్టాను. దీనికి ఇరవై నిమిషాలు పట్టింది. బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నారు. అయినా ఈ పని కాంపౌండరుకు అప్పగించలేదు.

వందలో మొదట తెల్ల గడ్డ ఉన్నవి తొమ్మిది. మిగతా తొంభై ఒకటికి గడ్డే లేదు. వాటిలో నాలుగు సెంటీమీటర్ల ముక్కలున్నాయి, ముప్పై సెంటీమీటర్లవీ ఉన్నాయి. రెండు కొసలూ చిట్లిపోయాయి. ఊడిన వెంట్రుక కుదురుతో సహా వస్తుంది, తెగినదానికి కుదురుండదు. రాలడం వేరు, తెగడం వేరు. రాలడమంటే కుదుళ్లకు వచ్చిన కష్టం, దానికి ఒంట్లో వెతకాలి. తెగడమంటే బయటికొచ్చేసిన పోగుకు వచ్చిన కష్టం, దాన్ని ఆ పోగు మీద ఎవరు ఏం చేశారన్న దగ్గర వెతకాలి. అక్టోబరులో ఆమెకు రెండూ ఒకేసారి నడుస్తున్నాయి. నేను ఒకటే చూశాను. ఇనుముతో, కాలంతో అది తగ్గాక రెండోది బయటపడింది.

అప్పుడు పాపిట తీసి లెన్సుతో చూశాను. కుదుళ్ల దగ్గర జుట్టు నల్లగా, నిగనిగలాడుతూ, కొద్దిగా వంకీలు తిరిగి ఉంది. సరిగ్గా మూడున్నర సెంటీమీటర్ల తర్వాత వంకీ ఆగిపోయింది. అక్కణ్ణుంచి స్కేలు పెట్టి గీసినంత నిటారుగా, కాంతి లేకుండా, అక్కడక్కడ ఉప్పురవ్వ అంటినట్టు తెల్లటి చుక్కలతో కిందిదాకా దిగింది. తల చుట్టూ ఎక్కడ విడదీసినా అదే ఎత్తులో అదే గీత. నీళ్లో, దిష్టో, వయసో కారణమైతే గీత పడదు. తలంతా ఒకే ఎత్తులో గీత ఉందంటే ఒక రోజు ఏదో ఒకటి జరిగింది. మూడున్నర సెంటీమీటర్లు. మందు రాసేవాళ్లు కుదుళ్లకు తగలకుండా ఓ అర సెంటీమీటరు వదులుతారు, అది తీసేస్తే మూడు నెలలు. నవంబరు నుంచి మూడు నెలలు వెనక్కి వెళ్తే ఆగస్టు చివర.

"అమ్మా, శ్రావణమాసంలో జుట్టుకేమన్నా చేయించారా?"

ఆమె తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. "అమ్మకు చెప్పలేదు మేడం. చెల్లెలి పెళ్లికి స్మూత్‌నింగ్ చేయించుకున్నా. ఐదు గంటలు పట్టింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన. ప్రొటీన్ ట్రీట్‌మెంట్, ఏమీ కాదు అన్నారు."

స్మూత్‌నింగ్ అంటే మందు పెట్టి జుట్టును నిటారుగా చేయించుకోవడం. నెల్లూరులో వేలమంది చేయించుకుంటున్నారు. స్మూత్‌నింగ్ అయిన ప్రతి తలా ఇలా తెగిపోవడం లేదు. ఈమెకే ఎందుకు తెగింది? ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయి, ఇంతకుముందు ఏం రాసేవారని అడిగాను. తెల్లవెంట్రుకలకు రెండేళ్లుగా మూడు వారాలకోసారి "హెర్బల్ మెహందీ" పెట్టుకుంటున్నానంది. కుదుళ్ల దగ్గర ఒక్కచోటే కాదు, ఎలాగూ కలిపాం కదా అని జడ మొత్తానికీ. లెక్కేస్తే కింది జుట్టుకు ఆ రంగు ముప్పైసార్లకు పైనే పట్టింది. అరగంటలో నల్లగా అయిపోతుందట.

గోరింటాకు ఒక్కటే అయితే ఎర్రగా పండుతుంది, నల్లబడదు. మరుసటి వారం ఆ ప్యాకెట్ తెమ్మన్నాను. ముందు వైపు ఆకుల బొమ్మలు, ఉసిరికాయలు. వెనక, అతుకు దగ్గర, లెన్సు పెడితే గానీ కనబడని అక్షరాల్లో పారాఫెనిలీన్ డయమీన్, బేరియం పెరాక్సైడ్. మొదటిది రంగు. రెండోది నీళ్లలో కలపగానే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడుదల చేసి ఆ రంగును నల్లబరుస్తుంది, పనిలో పనిగా వెంట్రుక లోపలి బంధాలనూ కొంచెం కొంచెంగా తినేస్తుంది.

వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పులాంటిది. పెంకులు ఒకదాని మీద ఒకటి కొసవైపుకు వాలి ఆరు నుంచి పది వరసలుంటాయి. కప్పు కింద కెరటిన్ అనే ప్రొటీన్ పోగులు. పోగునూ పోగునూ కట్టి ఉంచేవి గంధకపు బంధాలు. స్మూత్‌నింగ్ మందులో ఉండే అమోనియం థయోగ్లైకోలేట్ ఆ బంధాలను తెంచుతుంది, తెంచినప్పుడే ఆ వాసన. తర్వాత వేడి ఐరన్‌తో సాగదీసి, న్యూట్రలైజర్ పెట్టి బంధాలను మళ్లీ కలుపుతారు. గట్టి వెంట్రుకలో కూడా అన్నీ తిరిగి కలవవు. టీచరమ్మ జుట్టులో అప్పటికే చాలా బంధాలు రంగుకు కాలిపోయి, మళ్లీ కలవడానికి వీల్లేని స్థితిలో ఉన్నాయి. మిగిలిన కాసినీ ఆ ఐదు గంటల్లో పోయాయి.

పార్లర్ అమ్మాయి అడిగిందట, "రంగేస్తారా అక్కా?" అని. "లేదు, హెర్బల్ మెహందీనే" అని ఈమె చెప్పింది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ప్యాకెట్ మీదున్న ఆ ఒక్క మాట ఇద్దరినీ మోసం చేసింది. పార్లర్లు నడిపేవాళ్లను నేను బతిమాలి అడిగేది ఒకటే. మందు తలకు పెట్టేముందు కింది వరసలోంచి పది పోగులు కత్తిరించి అదే మందులో అంతసేపూ ఉంచి, కడిగి, లాగి చూడండి. జిగురులా సాగితే ఆ తలకు మందు పెట్టకండి. దీనికి ఖర్చేమీ కాదు.

ఆ మాట నేనూ పాటించాను. ఆమె జడ చివర్నుంచి ఒక పోగు తీసి నీళ్లలో ముంచి లాగాను. ఆరోగ్యమైన తడి వెంట్రుక తన పొడవులో మూడోవంతు దాకా సాగి, వదిలితే వెనక్కి వస్తుంది. ఇది నానిన సేమ్యాలా సాగుతూ పోయి, వెనక్కి రాకుండా, చప్పుడు లేకుండా తెగింది. కుదుళ్ల దగ్గర కొత్తగా వచ్చిన ముక్కను అదే విధంగా లాగితే గట్టిగా నిలబడి వెనక్కొచ్చింది. రెండూ ఆమె చేతిలోనే పెట్టి లాగమన్నాను. నేను పది నిమిషాలు చెప్పినా రాని నమ్మకం ఆ రెండు పోగులు లాగితే వచ్చింది. "అయితే కొత్తగా వచ్చేది బాగానే ఉందా మేడం?" అంది. వచ్చిన దగ్గర్నుంచీ ఆమె మొహంలో కొంచెం వెలుగు చూసింది అప్పుడే.

తామర కోసం చర్మం గీకి చూసే పాత మైక్రోస్కోపు క్లినిక్‌లో ఉంది. అందులో ఆ తెల్ల చుక్క ఉన్న పోగును పెట్టాం. చుక్క ఉన్నచోట పైపొర పూర్తిగా ఊడిపోయి, లోపలి పోగులు విచ్చుకుని, రెండు చీపురు కట్టలను ఎదురెదురుగా ఒకదాంట్లోకి ఒకటి గుచ్చినట్టుంది. దీనికి ట్రైకోరెక్సిస్ నోడోసా అని పేరు. వెంట్రుక పోగుకు వచ్చే లోపాల్లో మామూలుగా ఎక్కువ కనబడేది ఇదే. రసాయనం, వేడి, రాపిడి మూడింటివల్లా వస్తుంది. రెండు మూడు పోగుల్లో ఇంకోటి కూడా కనిపించింది. నూనెలో వేసిన అప్పడం మీద లేచిన పొక్కుల్లా లోపల గాలి బుడగలు. తడి జుట్టు మీద డ్రయ్యర్ బాగా వేడిగా పెడితే లోపలి నీళ్లు ఆవిరై ఇలా పొంగుతాయి. పొద్దున ఏడుంబావు బస్సుకు అందుకోవాలని సెప్టెంబరు నుంచి డ్రయ్యర్ పెడుతున్నానని అడిగాక చెప్పింది.

ఇక నీళ్ల సంగతి. మా దగ్గరికొచ్చే ప్రతి ఒక్కరూ ముందు నీళ్లనే అంటారు. "మాది బోరు మేడం, ఉప్పునీళ్లు." కనిగిరి, పొదిలి వైపు నుంచి వచ్చేవాళ్లు ఫ్లోరైడ్ అంటారు. ఫ్లోరైడ్ తాగితే పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే మాట నిజం, ఆ ఊళ్ల బాధ చిన్నది కాదు. కానీ ఆ నీళ్లు తలకు పోసుకుంటే వెంట్రుక తెగుతుందనడానికి నాకు ఆధారం కనబడలేదు. ఉప్పునీళ్ల విషయం తేల్చుకుందామని టీచరమ్మ వాళ్ల బోరునీళ్లు పరీక్ష చేయించాం. కాఠిన్యం లీటరుకు 680 మిల్లీగ్రాములు. తాగునీటికి మన దేశ ప్రమాణం 200, వేరే దారి లేకపోతే 600 దాకా. అంటే బాగా కఠినమైన నీళ్లే. అయితే అదే ఇంట్లో, అదే బోరునీళ్లతో తలంటుకునే తోడికోడలికి నడుము దాకా జడ ఉంది. దాంట్లో చుక్కలు లేవు, ముక్కలు లేవు. ఆమెను కూడా పిలిపించి చూశాను. ఆమె రంగు వేయదు, పార్లర్‌కు పోలేదు. నీళ్లే కారణమైతే ఆమె జడ కూడా తెగాలి కదా. 2013లో మన దేశంలోనే కఠినజలంలో, డిస్టిల్డ్ వాటర్‌లో వెంట్రుకలను నెల రోజులు రోజూ ముంచి బలం పరీక్షిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అలాగని నీళ్లను పూర్తిగా వదిలేయలేను. ఉప్పుపొర పట్టిన జుట్టు గరుకెక్కుతుంది, చిక్కుపడుతుంది. మంచి జుట్టు ఆ చిక్కును తట్టుకుంటుంది. పెంకులు ఊడిపోయిన జుట్టుకు ఆ మాత్రం చిక్కు చాలు తెగడానికి.

వైద్యం అనగానే అందరూ అడిగేది "ఏం రాయాలి, ఏం వేసుకోవాలి" అని. తలలోంచి బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు, గోరు కొసలాగే. విరిగిన గోరును మాత్రతో అతికించలేం. ఈ మాట చెప్పడానికి ప్రతిసారీ నాకు కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే ఎదురుగా కూర్చున్నవాళ్లు ఎనిమిదేళ్లు పెంచుకున్నది చేతిలో పట్టుకుని ఉంటారు. పాడైనది బాగుపడదు. దాన్ని ఇంకా తెగకుండా జారుడుగా ఉంచుకుంటూ, వెనకొచ్చేదాన్ని కాపాడుకుంటూ, కిందనుంచి కొంచెం కొంచెంగా తీసేయాలి. చేయగలిగింది ఇదొక్కటే.

ఇనుము కొనసాగించాం, రోజు విడిచి రోజు, నిమ్మరసంతో. మాత్రకు ముందూ వెనకా గంటసేపు టీ కాఫీ వద్దన్నాను. జనవరికి ఫెరిటిన్ 29, ఏప్రిల్‌కు 47. బయోటిన్ మళ్లీ మొదలుపెట్టలేదు. రంగు, డ్రయ్యర్, ఐరన్ మూడూ బంద్. తలంటు వారానికి రెండుసార్లే. పొద్దున బస్సు హడావిడిలో కాకుండా సాయంత్రం పూట, రాత్రికి ఆరిపోయేలా. తలంటుకు రెండు గంటల ముందు జడకు, ముఖ్యంగా కింది సగానికి, కొబ్బరినూనె. ఇది అమ్మమ్మల మాటే అయినా ఊరికే చెప్పలేదు. 2003లో వచ్చిన ఒక భారతీయ పరిశోధనలో కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలను పోలిస్తే కడిగినప్పుడు వెంట్రుకలోంచి పోయే ప్రొటీన్‌ను తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అది లోపలికి ఇంకుతుంది. పెద్దావిడ ఆముదం పట్టిద్దామంది. గట్టిగా వద్దన్నాను. చిక్కటి ఆముదంతో పొడవు జుట్టు కంబళిలా ముద్దకట్టి, విడదీయలేక కత్తిరించేయాల్సొచ్చిన యువతి కేసు 2017లో మన దేశం నుంచే పత్రికకెక్కింది.

ఆముదం దగ్గర ఒప్పుకున్న పెద్దావిడ కుంకుడుకాయ దగ్గర ఒప్పుకోలేదు. షాంపూ వల్లే ఇదంతా అని ఆమె నమ్మకం. "మేం కుంకుడుకాయలతో పోసుకోలేదా? మా జడలు నిలబళ్లేదా?" అంది. ఆమె మాటలో పస ఉంది కాబట్టి ఎలా పోసుకునేవాళ్లో చెప్పమన్నాను. కాయలు కొట్టి, గింజలు తీసి, వేడినీళ్లలో నానేసి పిసికి, అందులో గుప్పెడు మందారాకు నూరి కలిపేవాళ్లట, అప్పుడప్పుడు మెంతులు కూడా. విన్నాక నాకు అర్థమైంది. కుంకుడు నురగ మురికినీ నూనెనూ కడిగేస్తుంది. మందారాకు జిగురు, మెంతుల జిగురు జుట్టును జారుడుగా ఉంచి చిక్కు రానివ్వదు. ఆ రెండూ కలిసి ఒక పద్ధతి. ఇప్పుడు ఇళ్లలో కుంకుడు మిగిలింది, జిగురు పోయింది. పైగా సరిగ్గా వడకట్టకపోతే కాయ పిప్పి జుట్టులో ఇరుక్కుని రుద్దుకుంటుంది.

అందుకని రాజీకొచ్చాం. మాడుకు మాత్రమే మెత్తటి షాంపూ, అరచేతిలో నీళ్లతో పలచన చేసి. చెవుల కింది నుంచి కొసదాకా ప్రతిసారీ కండిషనర్, ఈ విషయంలో నేను తగ్గలేదు. పండగలకు కుంకుడుకాయ సరే, మెత్తటి గుడ్డలో రెండుసార్లు వడకట్టి, మందారాకు జిగురు తప్పకుండా కలిపి. చివర్లో రెండు చెంబులు తాగే నీళ్లు, ఇంట్లో క్యాన్ ఉంటుంది కదా, అవి జడ మీద పోయాలి. వానాకాలంలో చూరుకింద పట్టిన నీళ్లయితే మరీ మంచిది.

నేను కళ్లారా చూసిన ఒక అలవాటు మాన్పించాం. తలంటుకున్నాక తుండుతో జుట్టును ఫట్ ఫట్‌మని కొట్టి నీళ్లు దులపడం. మనిళ్లల్లో ఇది చాలామంది చేస్తారు, మా అమ్మ కూడా చేసేది. తడి వెంట్రుక అసలే బలహీనం, దాన్ని కొరడాలా విదిలిస్తే అతుకుల్లాంటి ఆ తెల్లచుక్కల దగ్గర తెగుతుంది. పాత నూలు చీర ముక్కతో పైనుంచి కిందికి అద్దమన్నాను. చిక్కు తీయడం ఆరాక, పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో, కొస దగ్గర మొదలుపెట్టి జానెడు జానెడు పైకి. తడిజడ అల్లొద్దు. దిండుకు పాత పట్టు చీర గుడ్డ చుట్టుకోమన్నాను.

మిగిలింది కత్తెర. మొత్తం పాడైనది తీసేయాలంటే తలకు మూడున్నర సెంటీమీటర్లే మిగులుతుంది, అది అడగలేను. మొదట 18 సెంటీమీటర్లు, ఆపైన రెండు నెలలకోసారి ఐదు. టీచరమ్మ ఒప్పుకుంది. తల్లికి అప్పుడే అసలు విషయం చెప్పాల్సొచ్చింది. కూతురే చెప్పింది, నా ముందు. పెద్దావిడ చాలాసేపు మాట్లాడలేదు. కోప్పడుతుందనుకున్నాను. చివరికి, "ఎట్టా తియ్యాల్సిందే అయితే ముందు కత్తెర కొండమీద పడాల" అంది. సంక్రాంతి సెలవుల్లో తిరుమలలో మూడు కత్తెరలు ఇచ్చి వచ్చాకే ఇక్కడ నెల్లూరులో మిగతాది తీయించుకున్నారు.

సంచి తేవడం మాత్రం మాన్పించలేదు. ప్రతిసారీ నల్ల చార్టు మీద వంద లెక్కపెట్టాం. నవంబరులో కుదురున్నవి 9, ఫిబ్రవరిలో 31, జూన్‌లో 58, మళ్లీ అక్టోబరులో 74. రోజుకు మొత్తం పడేవి కూడా ఆమే ఇంట్లో లెక్కపెట్టి డైరీలో రాసింది. నవంబరులో దాదాపు 190 ఉన్నవి చివరికి అరవైకి వచ్చాయి. రోజుకు యాభై నుంచి వంద దాకా రాలడం ఎవరికైనా మామూలే. ఆమె స్కూల్లో ఇంకో ఇద్దరు టీచర్లు తమ సంచులతో నా దగ్గరికొచ్చారు. ఒకామెకు వందకు తొంభై కుదుళ్లతోనే ఉన్నాయి, కాన్పయి నాలుగు నెలలు. ఆమెకు ధైర్యం చెప్పి, ఇనుము చూసి పంపితే సరిపోయింది.

జడ ఇప్పుడు 68 సెంటీమీటర్లు. తెల్లవెంట్రుకలు మళ్లీ కనిపిస్తున్నాయి, రంగు సంగతేంటని ఆమె మొన్న అడిగింది. వట్టి గోరింటాకు పొడి, లేబుల్ మీద ఆ ఒక్క పేరే ఉన్నది, కుదుళ్ల దగ్గర మాత్రమే పెట్టుకోవచ్చన్నాను. ఎర్రగా ఉంటుంది, ఉండనీ అంది. వంకీ జుట్టుకూ నిటారు జుట్టుకూ మధ్య గీత చెవి దాటి దవడ దాకా దిగింది. సంక్రాంతికి ఇంకో ఐదు సెంటీమీటర్లు తీయాలి.